అమ్మ ఎలమంచిలి వెళ్ళిందన్న నెల

మొన్న అనకాపల్లిలో మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు వాడి మనవరాలు సోఫాలో బోర్లా పడుకుని ఫోన్లో ఏదో సిరీస్ చూస్తోంది. పక్కనుంచి తొంగిచూసేను. ఒకడు ఇంకొకడిని గోనెసంచిలో కట్టి బావిలో పడేస్తున్నాడు. ఈ పిల్ల తాపీగా చిప్స్ నవులుతోంది. "నీకు భయం వెయ్యట్లేదేటే?" అంటే, "దీనికెందుకు మామ్మా భయం, వీడు సెకండ్ సీజన్లో మళ్ళీ వచ్చేస్తాడు" అంది. నాకు ఒళ్ళు మండింది. భయపడనప్పుడు అవి చూడ్డం ఎందుకు, ఉత్తినే కూర్చుని చిప్స్ తినొచ్చు కదా! దీని వయసులో నేను ఒక్క ఎండాకాలం, ఒక నెల పాటు, సస్పెన్సు నవలలు చదివి ఎంత భయపడ్డానంటే ఇప్పటికీ ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే నా అరికాళ్ళు చల్లబడతాయి. ఆ నెల గురించి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. రాస్తే మా నానమ్మకి కోపం వస్తుందని ఊరుకున్నాను. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా ఆవిడ కోపమంటే నాకు జంకు పోలేదు.

మాది అనకాపల్లిలోనే బెల్లం వ్యాపారం. వీధివైపు నాన్న కమీషన్ కొట్టు, వెనకాల ఇల్లు, మేడ మీద ఒక పొడుగాటి గది. సీజన్లో అమ్ముడుపోని బెల్లం దిమ్మలు ఆ గదిలో గోడవారగా పేర్చేవారు. ఎండలు ముదిరేసరికి వాటికి చెమట పట్టేది. పాకం కారి నేలంతా జిగురు, అడుగేస్తే అరికాలు అంటుకుని చప్పుడుతో ఊడొచ్చేది. బయట ఊళ్ళవాళ్ళు మా వీధిలోకి రాగానే అబ్బా ఎంత తియ్యటి వాసనో అంటారు గానీ, పుట్టినప్పట్నుంచీ పీల్చిన మాకు అది కాస్త పులిసినట్టూ, కాస్త మాడినట్టూ ఉంటుంది. నానమ్మ పొద్దున్నే వేపపుల్ల నవులుతూ పెరట్లో తిరిగి, అమ్మ చేసే ప్రతి పనికీ ఒక వంక పెట్టేది. కాఫీలో నీళ్ళెక్కువ, పప్పులో ఉప్పు తక్కువ, కోడలికి నిద్దరెక్కువ. అమ్మ మాట్లాడేది కాదు. గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా పెట్టేది. ఆ గిన్నెల చప్పుడుకే నాకు రోజూ మెలకువ వచ్చేది.

సెలవులిచ్చిన కొత్తలో ఒకరోజు ఆ చప్పుడు లేదు. లేచి వంటింట్లోకి వెళ్తే పొయ్యి దగ్గర నానమ్మ కూర్చుని ఉంది. అమ్మ లేదు. తమ్ముడి ఉయ్యాల ఖాళీగా ఉంది. "మీయమ్మ ఎలమంచిలి ఎల్లింది. కొన్నాళ్ళుంటాది. బేగి పళ్ళు తోముకో" అంది నానమ్మ, నా మొహం చూడకుండా. ఎలమంచిలి అంటే అమ్మ పుట్టిల్లు. నన్ను తీసుకెళ్ళకుండా అమ్మ ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు. అసలు ఎలమంచిలి పేరెత్తితే ముందు తయారయ్యేదాన్ని నేనే. చెప్పకుండా ఎందుకెళ్ళిందని అడిగితే, "మాటకి మాట అడక్కే గుంటా, నోరు మంచిది కాదు" అని కసిరింది. ఇల్లు ఊడవబోయిన పనిమనిషిని కూడా ఆపేసింది. మనిషి గడప దాటి వెళ్ళేక ఇల్లు ఊడవకూడదని మా వాళ్ళ పట్టింపు. కానీ మామూలుగా ఓ గంట ఆగేవారు. ఆ రోజు సాయంత్రం దాకా మా ఇల్లు అలాగే ఉండిపోయింది.

చిన్నత్త అని నాన్న ఆఖరి చెల్లెలు మాతోనే ఉండేది. కాలేజీ అయిపోయి, పెళ్ళి సంబంధాలు చూస్తూంటే, వచ్చే సంబంధానికీ వచ్చే సంబంధానికీ మధ్య డిటెక్టివ్ నవలలు చదువుతూ కాలక్షేపం చేసేది. నానమ్మకి నవలలంటే పడదు కాబట్టి వాటిని బియ్యం డబ్బా వెనక దాచుకునేది. నేను అమ్మ కోసం ఏడుపు మొహం పెట్టుకుని తిరుగుతూంటే చూళ్ళేక, ఒక నవల నా చేతిలో పెట్టి, "ఇది చదువు. మీయమ్మ గురించి మాత్రం నన్నేటీ అడక్కు" అంది. అట్ట మీద ఒకావిడ నోరు తెరిచి అరుస్తోంది, వెనకాల తలుపు సందులోంచి చెయ్యొకటి వస్తోంది. అంతవరకు పిల్లల కథల పుస్తకాలు తప్ప ఎరగనిదాన్ని. ఆ మధ్యాహ్నం మేడ మీద గదిలో కూర్చుని మొదలుపెట్టి, కాఫీకి పిలిస్తే కూడా దిగలేదు.

ఆ తర్వాత పుస్తకాలు తెచ్చే పని నాదైంది. మెయిన్‌రోడ్డు మీంచి లోపలికి తిరిగిన సందులో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. మొన్న చూస్తే అక్కడ ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. కొట్టాయన ముక్కుపొడుం పీల్చి, ఆ వేళ్ళతోనే పుస్తకం తీసి ఇచ్చేవాడు. అందుకని మొదటి పేజీ తిప్పగానే తుమ్ము వచ్చేది. ఇంక మా ఊరి నవలల్లో ఎక్కడ చూసినా చీమలే. చదివేవాళ్ళందరూ బెల్లం చేతులవాళ్ళు మరి. హంతకుడు కత్తి ఎత్తిన చోట ఒక చీమ కత్తి మీంచి నడుచుకుంటూ పోయేది. ఎవడో పుణ్యాత్ముడు మాత్రం ప్రతి పుస్తకంలోనూ మొదట్లోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. చిన్నత్త వాణ్ణి తిట్టని తిట్టు లేదు. నాకు మాత్రం అలా రాసుంటే కొంచెం ధైర్యంగా ఉండేది. చేసిందెవరో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. తెలియకపోవడంతోనే వచ్చింది బాధంతా.

నేను గోడకి వీపు ఆన్చి కూర్చునేదాన్ని, వెనకనుంచి ఎవరూ రాకుండా. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ పేలిపోతూంటే, వీధిలో ఒక్క సైకిల్ బెల్లు కూడా వినబడేది కాదు. పై దిమ్మలోంచి పాకం చుక్క ఒకటి కింద పడేది. టప్. నేను పేజీ తిప్పకుండా వినేదాన్ని. చాలాసేపటికి మళ్ళీ టప్. వేలితో నేలమీద రాస్తే ఎర్రగా, నల్లగా, జిగటగా అంటుకునేది. అది బెల్లమని నాకు తెలుసు. బెల్లమింట్లో పుట్టిన పిల్లకి తెలియదా? అయినా ఆ వేలిని నోట్లో పెట్టుకోలేక గౌనుకి తుడిచేసుకునేదాన్ని. మెట్లు దిగేటప్పుడు మధ్యలో ఒక మలుపుంది, అక్కడ చీకటి. అక్కడికొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఒక్క ఉరుకు ఉరికి వంటింట్లో పడేదాన్ని. "ఏటే, దెయ్యం తరిమిందేటి?" అనేది నానమ్మ. దెయ్యాలు నయం. ఆ పుస్తకాల్లో దెయ్యాలుండేవి కావు. చంపేవాళ్ళంతా ఇంట్లోవాళ్ళే. మరిది, పినతండ్రి, వంటమనిషి, కళ్ళు కనబడని ముసలావిడ. ఎవరి మీద మనకి అనుమానం రాదో వాళ్ళే చేసేవారు. చేసేక తలుపు చాటున చేరి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

మా ఇంట్లోనూ గొంతులు తగ్గిపోయేయి. నాన్న, నానమ్మ, చిన్నత్త వంటింట్లో ఏదో అనుకుంటూ ఉంటారు, నేను గడపలో కాలు పెట్టగానే నానమ్మ, "ఈ యేడు మావిడికాయలు పులుపు నేవు" అంటుంది. నాన్న గెడ్డం గీసుకోవడం మానేసేడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు పాట పాడుకుంటూ గీసుకునే మనిషి. రోజు విడిచి రోజు సంచీ పట్టుకుని ఎక్కడికో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఎలమంచిలి నుంచి మా మావయ్య, అమ్మ తమ్ముడు, భోజనానికి వచ్చేడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఉత్తరమో, తినడానికి తాటితాండ్రో, ఏదో పంపి ఉంటుందని ఎదురెళ్ళేను. మావయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, నేను తలుపు వెనకాల ఉన్నానని చూసుకోక, నానమ్మతో, "ఎలాగుందత్తయ్యా మా అక్కకి? బావ నిన్న ఎల్లేడు కదా, ఏటన్నాడు?" అన్నాడు.

అంటే అమ్మ ఎలమంచిలిలో లేదు.

నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయేను. నానమ్మ నన్ను చూసి మావయ్యకి కళ్ళతో సైగ చేసింది. మావయ్య గబుక్కున, "ఏమ్మా కోడలా, బావున్నావా? తమ్ముడు తెగ అల్లరి చేస్తన్నాడు" అన్నాడు. ఆ నవ్వు ఎంత దొంగ నవ్వో ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. అడగొచ్చు కదా అంటారు మీరు. ఎవర్ని అడుగుతాను? ఇల్లంతా కలిసి ఒక అబద్ధం చెబుతూంటే అడిగిన పిల్లకి ఏమవుతుందో నేను అప్పటికే బోలెడు పుస్తకాల్లో చదివేసేను. ఎక్కువ తెలిసినవాళ్ళు మొదటే పోతారు. నోరు మూసుకుని మేడెక్కేసేను.

ఇంక అనుమానమంతా నానమ్మ మీద. అమ్మతో రోజూ గొడవపడేది ఆవిడే కదా. అమ్మ మాట వస్తే కొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్ళిపోయేదీ ఆవిడే. ఏం చేసింది? ఎలా చేసింది? ఆ వారమే, సెలవుల్లో పిల్లలకి కడుపు శుభ్రం చెయ్యడానికి ప్రతీ ఏడూ పట్టే ఆముదం, కాఫీలో కలిపి గ్లాసు పట్టుకొచ్చింది. "ఊఁ, ముక్కు మూసుకుని ఒక్క గుక్క." నేను గ్లాసులోకి చూసేను. పైన జిడ్డు తెట్టు కట్టి మెరుస్తోంది. నేను తాగనంటే తాగనన్నాను. నానమ్మ తొడ మీద పడేసుకుని, చిన్నత్త కాళ్ళు పట్టుకోగా, గొంతులో పోసేసింది. మింగేసేను. ఇంక చచ్చిపోతున్నాననే అనుకున్నాను. కడుపులో తిప్పటం మొదలవగానే పెరట్లో అరుగు మీద కూర్చుని, అమ్మ కూడా ఇలాగే చచ్చిపోయి ఉంటుంది అనుకుంటూ ఏడిచేను. నవ్వండి, ఫర్వాలేదు. ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. ఆ పూట మాత్రం చెంబెత్తుకుని వెళ్తూ కూడా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఒక శుక్రవారం నానమ్మ దేవుడి గదిలో పూజ చేసుకుని, తలుపు ఓరగా వేసి బావి దగ్గరికి వెళ్ళింది. లోపలికి తొంగిచూసేను. దీపం ముందు ఇత్తడి పళ్ళెంలో పసుపు గుడ్డ పరిచి ఉంది. దాని మీద పూలు, కుంకం. పూల కింద అమ్మ నల్లపూసలు, సూత్రాలు, మట్టెలు. అమ్మవే. ఒక సూత్రానికి చిన్న సొట్ట ఉంది, నేను పసిపిల్లగా ఉన్నప్పుడు కొరికేసేనని చెప్పేది.

నేను నవలల్లో డిటెక్టివు ఆలోచించినట్టే ఆలోచించేను. ఆడమనిషి మెళ్ళోంచి సూత్రాలు ఎప్పుడు తీస్తారు? మొగుడు పోతే తీస్తారు. నాన్న బతికే ఉన్నాడు, ఇప్పుడే నా ఎదురుగా అన్నం తిని కొట్లోకి వెళ్ళేడు. అది కాకపోతే ఇంకెప్పుడు తీస్తారు? ఆవిడే పోతే తీస్తారు. మూడో మాట లేదు. మా వాళ్ళల్లో స్నానానికి కూడా తియ్యరు. నాన్న గెడ్డం, చిన్నత్త ఎర్రబడ్డ కళ్ళు, తమ్ముణ్ణి ఎలమంచిలి పంపించెయ్యడం, అన్నీ వరసగా వచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. ఎవరు చంపేరు, ఎలా చంపేరు అన్న ఊహలన్నీ ఆ నిమిషంలో పోయేయి. హంతకుడు ఎవరైతే నాకేంటి? అమ్మ లేదు. ఆ భయం పుస్తకాల్లో ఉన్నలాంటిది కాదు. నాకు ఏడుపు రాలేదు, చెవుల్లో హోరు ఒకటే.

మర్నాడు పొద్దున్న చెప్పులు కూడా వేసుకోకుండా బెల్లం మార్కెట్‌కి పరిగెత్తేను. ఆడపిల్లలు వెళ్ళే చోటు కాదది. రైతులు, మూటలు మోసే కలాసీలు, బళ్ళు, ఈగలు. నాన్న దిమ్మల వరస ముందు నిలబడి వేలం పాడిస్తున్నాడు. ఆయన గొంతు మార్కెట్ మొత్తానికి పెద్దది, మొదలుపెడితే ఆఖరి పాట ఖాయమయ్యేదాకా ఆగదని పేరు. జనం కాళ్ళ మధ్యనుంచి దూరి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నానా, అమ్మని ఎక్కడ కాల్చేసేరు?"

నాన్న పాట ఆగిపోయింది. పక్కనున్న రైతు ఒకడు, "ఓలమ్మో! ఏటంతందిరా ఈ గుంట!" అన్నాడు. నాన్న సరుకు మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు, అది లక్ష్మి అనేవాడు. ఆ మనిషి వెనక్కి తడుముకుని ఒక దిమ్మ మీద కూలబడిపోయేడు. "ఎవరు చెప్పేరే నీకు?" అన్నాడు. "ఎవరూ చెప్పలేదు. దేవుడి గదిలో సూత్రాలు చూసేను" అన్నాను. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచి, వేలం పక్క కొట్టాయనకి అప్పజెప్పి, నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మ బతికే ఉంది. పట్నంలో ఆస్పత్రిలో ఉంది. పద, చూపిస్తాను" అన్నాడు.

నేను నమ్మలేదు. బస్సెక్కించేడు, సోడా తాగించేడు, జీళ్ళు కొనిచ్చేడు. నవలల్లో సాక్షిని ఊరి బయటికి తీసుకెళ్ళేటప్పుడు కూడా ఇలాగే మంచిగా మాట్లాడతారు. మా నాన్న! నన్ను భుజం మీదెక్కించుకుని ఊరంతా తిప్పిన మా నాన్న పక్కన కూర్చుని, దారి పొడుగునా కిటికీ ఊచ పట్టుకుని, ఎక్కడ దూకితే దెబ్బలు తక్కువ తగుల్తాయా అని చూసేను. జీళ్ళు ముట్టుకోలేదు. భయం మనిషిని ఎంతకి తెస్తుందో నాకు ఆ బస్సులోనే తెలిసింది.

ఆస్పత్రిలో పొడుగాటి హాలు, ఫినాయిలు వాసన. గుమ్మంలో ఆయా, "పిల్లల్ని రానివ్వం" అంటే నాన్న ఆవిడకి దండం పెట్టేసేడు. చివర కిటికీ పక్క మంచం. అమ్మమ్మ విసురుతోంది. మంచం మీద సగం అయిపోయిన అమ్మ. మెళ్ళో సూత్రాల బదులు పసుపుతాడు, దానికి పసుపుకొమ్ము కట్టి ఉంది. నేను దగ్గరికెళ్ళి ముందు ఆ కొమ్మునీ, తర్వాత మెడనీ ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు, హాలంతా తిరిగి చూసేలాగ.

డాక్టరమ్మతో మాట్లాడి వస్తానని నాన్న, మంచినీళ్ళకని అమ్మమ్మ బయటికి వెళ్ళేరు. అమ్మ గుమ్మం వైపు చూసి, నన్ను మీదకి లాక్కుని, చెవిలో అడిగింది. "ఒలే, నువ్వు నాతో అబద్ధం సెప్పవు కదా? ఇంట్లో ఏటనుకుంటన్నారే? నేను బతుకుతానంటన్నారా?"

నేను బిత్తరపోయేను. "నాకు తెలీదమ్మా. నువ్వు చచ్చిపోయేవనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నానే" అంది అమ్మ. "నాకెవరూ ఏటీ సెప్పరు. డాక్టరమ్మ మీ నాన్నతో ఇంగ్లీషులో మాటాడతాది. మీ నాన్న వచ్చి నాతో ఎండల గురించి మాటాడతాడు. ఆపరేషన్ అని మెళ్ళోవి తీయించేసినప్పుడే అనుకున్నాను, ఇంక అయిపోయింది, పిల్లల్ని కూడా సూపించరు అని. తెల్లార్లూ ఆ గోడకేసి సూత్తా పడుంటన్నాను. భయమేసి సచ్చిపోతన్నానే."

తల తిప్పితే నాన్న గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు. వచ్చి మంచం పట్టీ మీద కూర్చున్నాడు. నలుగురి ఎదుట అమ్మ పక్కన కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. "కడుపులో గడ్డ. తీసేసేరు. ముక్క పరీక్షకి పంపేరు. మంచిదో చెడ్డదో ఇంకా తెలీదు. నూకాలమ్మకి మొక్కుకుని గెడ్డం పెంచుతున్నాను. నీకు చెప్తే బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు" అన్నాడు. అమ్మ, "సెడ్డదైతే?" అంది. నాన్న పసుపుతాడు వంకే చూస్తూ, "తెలీదే. నాకూ భయంగానే ఉంది" అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ మగవాడు ఆ మాట అనలేదు. అమ్మ ఆ మాట వినగానే ఒక నిట్టూర్పు విడిచి, కాస్త మజ్జిగ తాగుతానంది. నాన్న గ్లాసు పట్టుకున్నాడు.

గడ్డ మంచిదేనని తేలింది. ఆ కబురు వచ్చేదాకా ఇంట్లో అందరం భయపడ్డాం, కానీ దాచుకోకుండా భయపడ్డాం. నానమ్మ నన్ను దేవుడి గదిలో పక్కన కూర్చోబెట్టుకుని సూత్రాలకి కుంకం పెట్టించేది. ఆ పళ్ళెం ముందు రోజూ కోడలి కోసం ఏడుస్తోందని నాకు అప్పుడు తెలిసింది. అమ్మ ఇంటికొచ్చిన రోజు ఆవిడే సూత్రాలు పసుపుతాడుకి గుచ్చింది. తాడు కొసని తడిపి తడిపి ఎక్కించింది. మర్నాడు పొద్దున్న కాఫీలో నీళ్ళెక్కువయ్యేయని యథాప్రకారం మొదలుపెట్టింది. అమ్మ గిన్నె గట్టిగా పెట్టింది. నవలలన్నీ చిన్నత్త తిరిగి ఇచ్చేసింది. ఆ పుస్తకాల వల్లే పిల్లకి భయం పట్టుకుందని అందరూ తీర్మానించేరు. ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. భయం మా వంటింట్లో పుట్టింది. దాన్ని పట్టుకోవడానికి నాకు ఆ నవలలు తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఇప్పుడు అనకాపల్లిలోనే స్కానింగులున్నాయి. రిపోర్టు పేషెంటు బట్టలు మార్చుకునేలోగా ఫోన్లోకి వచ్చేస్తోంది. గొంతులు మాత్రం ఇంకా తగ్గే ఉన్నాయి. కిందటేడు అమ్మకి మళ్ళీ గడ్డ వచ్చింది, ఈసారి వేరే చోట. నాన్న అప్పటికే లేడు. మా కుటుంబం గ్రూపులో, "అమ్మకి ఎవరూ చెప్పొద్దు" అని తమ్ముడు మెసేజ్ పెడితే, కింద వరసగా దండాల బొమ్మలు. నేను వెళ్ళేసరికి ఆస్పత్రి వరండాలో తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ, "అక్కా, నువ్వు లోపలికెళ్ళి నవ్వుతూ ఉండు" అన్నాడు. వాడి తల నిమిరి లోపలికి వెళ్ళేను. వాడు ఆనాడు ఉయ్యాల్లో పిల్లాడు, వాడికేం తెలుసు?

అమ్మ తలుపు దగ్గర్నుంచీ నా మొహమే చూస్తోంది. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పేసేను. "అమ్మా, ఈసారి మంచిది కాదు." ఫ్యాను వైపు చూస్తూ అడిగింది, "ఎన్నాళ్ళంటన్నారు?" "సరిగ్గా చెప్పలేమన్నారు." "ఊఁ." నా వైపు తిరిగి, "నీకు భయంగా ఉందేటే?" అంది. చాలా భయంగా ఉందన్నాను. "నాకూనే" అంది. కాస్త పక్కకి జరిగి, దుప్పటి ఎత్తి, "ఇలాగొచ్చి కూకో" అంది. చెప్పులు విప్పి మంచమెక్కేను. నర్సు వచ్చి కోప్పడింది, మేం కదల్లేదు. వరండాలో దీపాలు వేసేదాకా, తల్లీ కూతుళ్ళిద్దరం ఆ ఇరుకు మంచం మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని భయపడుతూ కూర్చున్నాం.